ఎత్తని చెయ్యి

"కిందటేడు సగంలోనే తేలిపోయావు. మళ్ళీ ఎందుకు వదినా ఈ గోల?" అంది ఆడపడుచు, తువ్వాలు భుజాన వేసుకుని.

"నీళ్ళలో తేలాలనే కదా దిగేది," అంది టైలరమ్మ.

పైకి అలా అందే గానీ లోపల భయంగానే ఉంది.

కోట మెట్ల దగ్గర దిగి, రేవు దాటి, సముద్రంలో ఉన్న పాత లైట్‌హౌస్ దాకా ఈదాలి. ఏటా జరిగే పోటీ అది. అలిసిపోయినవాళ్ళు చెయ్యెత్తితే చాలు, పడవ వచ్చి ఎక్కించుకుంటుంది.

కిందటేడు ఆమె రేవు ముఖద్వారం దగ్గర చెయ్యెత్తింది. పడవ దిగి తిన్నగా ఇంటికెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పడవ షికారు బాగుందా?" అని అడిగినవాళ్ళే.

మిషను ముందు వంగిపోయిన నడుము హాయిగా సాగేది ఆ నీళ్ళలోనే. అయినా సరే, ఈసారి చెయ్యెత్తితే ఇక జన్మలో సముద్రం ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంది.

బురుజు మీద గంట మోగింది. పాత ఫిరంగుల మీదెక్కి కూర్చున్న జనం ఈలలు వేశారు.

పడుచువాళ్ళంతా దూసుకుపోయారు. టైలరమ్మ యథాప్రకారం వెనకబడింది.

కాసేపటికి చూస్తే, పక్కనే బట్టతలాయన ఒకడు ఆపసోపాలు పడుతున్నాడు.

"చెల్లెమ్మా, కాస్త మెల్లగా. నన్నొక్కణ్ణీ వదిలేసి పోకమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది. తా దూర కంత లేదు, మెడకో డోలు.

"మాట్లాడకుండా ఈదండి అన్నయ్యా. ఆయాసమొస్తుంది."

"మాట్లాడకపోతే నాకు భయం. నువ్వేం పని చేస్తావమ్మా?"

"బట్టలు కుడతాను."

"అయితే నాకో చొక్కా కుట్టు. మొదట ఏం చేస్తావో చెప్పు."

చెబితే గానీ ఈ పీడ వదలదనుకుని మొదలుపెట్టింది. గుడ్డ కత్తిరించింది. జేబు వేసింది. భుజాలు కలిపింది. కుట్టుకో బార చొప్పున ముందుకు పోతోంది. కాలరు దగ్గరకొచ్చి తలెత్తి చూస్తే, ఎదురుగా రేవు ముఖద్వారం.

అక్కడ అలలు పెద్దవి. నీళ్ళు అడుగు నుంచి లాగుతాయి. ఆమె కాళ్ళు బరువెక్కాయి. పడవ కూడా దగ్గర్లోనే ఉంది. కళ్ళు వద్దన్నా దానివైపే పోతున్నాయి.

"ఇక నా వల్ల కాదు చెల్లెమ్మా," అన్నాడాయన. "చెయ్యెత్తేస్తాను."

సరిగ్గా ఆ మాటే ఆమె నోటిదాకా వచ్చి ఉంది. ఇంకొకరి నోట వినేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"చొక్కాకింకా చేతులే వెయ్యలేదు. ఏ చెయ్యెత్తుతారు? ఊ, పదండి."

"చేతులకి గుడ్డ ఎంత పడుతుందమ్మా?" అన్నాడాయన బుద్ధిగా.

ఎడమ చెయ్యి వేసింది. కుడి చెయ్యి వేసింది. ఒక అల ముంచేస్తే ఉప్పునీళ్ళు ఉమ్మేసి పక్కలు మూసింది. కాజాలు తీసింది. ఆఖరి గుండీ కుడుతుండగా వేళ్ళకు రాయి తగిలింది.

లైట్‌హౌస్ మెట్టు.

టైలరమ్మ లేచి నిలబడింది. ఒళ్ళంతా వణుకుతోంది, నవ్వు మాత్రం ఆగడం లేదు. ముందే పడవలో వచ్చి కాచుకున్న ఆడపడుచు, బట్టలు తడుస్తున్నా లెక్కచెయ్యకుండా నీళ్ళలోకి దిగి వాటేసుకుంది.

"సాధించావు వదినా."

ఆమె వెనకే బట్టతలాయన మెట్టెక్కాడు, అందరికంటే ఆఖరున. గట్టు మీదవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నారు.

టైలరమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏం, ఆఖరున వస్తే మనిషి కాదా? చెయ్యెత్తకుండా వచ్చాడు. అది చాలదూ?"



"అంతా మా చెల్లెమ్మ చలవ," అని ఆయన దణ్ణం పెట్టాడు.

"రోజూ సాధన చెయ్యండి అన్నయ్యా. పై ఏటికి దారిలో పడతారు."

"అలాగేనమ్మా," అంటూ తల తుడుచుకుని, ఊరికి తిరిగి వెళ్ళే మొదటి పడవ ఎక్కేశాడు.

పడవ కోట మలుపు తిరిగాక, పోటీలో మొదట వచ్చిన పొడుగాటి అమ్మాయి కప్పు పట్టుకుని పరుగున వచ్చింది.

"అయ్యో, ఆయన వెళ్ళిపోయారా?"

"వెళ్ళాడమ్మా. పాపం, ఈత అంతంతమాత్రం. నేనే ఎలాగోలా లాక్కొచ్చాను," అంది టైలరమ్మ గర్వంగా.

ఆ అమ్మాయి చేతిలో కప్పును చూసుకుంది.

"ఏటా ఇది పట్టుకెళ్ళేది ఆయనేనండీ, ఈసారి నాకెలా దక్కిందా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను," అంది.