నక్షత్రానికి నిచ్చెన

"బటన్ నొక్కితే నక్షత్రం దానంతటదే కిందికొచ్చిద్దా?" ఆమోసు బల్లమీది చర్చి నమూనాను అనుమానంగా చూశాడు.

"అవును అంకుల్, మోటారే దింపుతుంది. కిందే బల్బులు మార్చి, మళ్ళీ బటన్ నొక్కితే పైకి వెళ్తుంది. ఎవరూ లాడర్ ఎక్కక్కర్లేదు," అంది ప్రిస్సిల్లా.

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో తెలుగు సంఘం కట్టుకోబోతున్న కొత్త చర్చికి ఆమే ఆర్కిటెక్ట్. సొంతంగా గీసిన మొదటి కట్టడం. ఇవాళ కమిటీ ఒప్పుకుంటేనే ప్లాను అనుమతి కోసం సిటీ ఆఫీసుకు వెళ్తుంది. కిటికీ అద్దాలను లోపలినుంచే తుడుచుకోవచ్చు. ఏసీ రిపేరుకు వచ్చినవాళ్ళు దర్జాగా నడిచి వెళ్ళేలా మిద్దెకు మెట్లు, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ. అన్నిటికీ అందరూ తలలూపారు. నక్షత్రం దగ్గర మాత్రం ఆమోసు మొండికేశాడు.

బాపట్లలో వెదురుబద్దలతో నక్షత్రాలు కట్టిన చెయ్యి ఆయనది. ఇక్కడికొచ్చాక కూడా క్రిస్మస్ నక్షత్రం కట్టే హక్కు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఏటా సంఘం కూడుకునే అద్దె హాలు ముందు పొడవాటి నిచ్చెన వేసి ఎక్కేస్తాడు. ఆయన మోకాళ్ళు వణుకుతాయి, నిచ్చెన ఊగుతుంది, చూసేవాళ్ళు ప్రభువును తలుచుకుంటారు. ఆయన మాత్రం పైనుంచి పెళ్ళికొడుకులా చెయ్యూపుతాడు.

"సేఫ్టీ బెల్టు కట్టుకుంటాలేమ్మా," అన్నాడు బేరానికి దిగి.

"బెల్ట్ లాస్ట్ ఆప్షన్ అంకుల్! పడ్డాక పట్టుకునేది అది. అసలు పడే చాన్సే లేకుండా డిజైన్ చేయాలి. పోనీ, పర్మనెంట్ మెట్లు పెట్టనా?"

"వద్దొద్దు! నిచ్చెనే ఉండాల. తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ అంతదూరం ఒంటెలమీద వచ్చారు. బటన్ నొక్కారా?"

గదంతా గొల్లున నవ్వింది.

"మీరు పడితే ఇన్సూరెన్స్‌వాడికి ఆ ఒంటెల కథే చెప్పమంటారా?" అన్నాడు పాస్టర్ నతానియేల్.

అప్పుడు లేచింది మణి, ప్రిస్సిల్లా తల్లి. భర్త పోయాక కూతుర్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఆమె నోరంటే కమిటీ అంతటికీ హడల్. ఏటా ఆ నిచ్చెనను కింద గట్టిగా పట్టుకుని నిలబడేదీ, పట్టుకున్నంతసేపూ ఆమోసును తిట్టిపోసేదీ ఆమే.

"ఈయన పైన సోకులు పోతుంటే కింద నా భుజాలు పడిపోతున్నాయండీ! పోయిన క్రిస్మస్‌కి చెయ్యి లేస్తే ఒట్టు. చెబితే వినే రకమా?"

ఆమోసు ఉలిక్కిపడ్డాడు. "నిజమా మణిగారూ? ఎప్పుడూ చెప్పలేదే!"

"అడిగితే కదా చెప్పడానికి!"

ఆయన ముఖం చిన్నబోయింది. ఇల్లాలు పోయినప్పటినుంచి సంఘమే ఇల్లుగా బతుకుతున్న మనిషి. పాస్టరుకే లొంగని మొండిఘటం ఆ ఒక్కమాటకు చల్లబడిపోయాడు.

"అయితే బటనే పెట్టమ్మా," అన్నాడు మెల్లగా.

ప్రిస్సిల్లాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేసేసింది కూడా. చప్పట్లు మోగాయి, పాస్టరు స్తోత్రం చెప్పాడు, సమోసాల ట్రే ఖాళీ అయింది.

కారెక్కాక కూడా ఆమె ఆనందం ఆగలేదు. స్టీరింగ్ మీద దరువేసింది.

"అమ్మా, యూ సేవ్డ్ మీ! నువ్వు కంప్లైన్ చేయకపోతే అంకుల్ ఒప్పుకునేవాడే కాదు. ఇంక నీకు ఆ లాడర్ పట్టుకునే హెడేక్ లేదు!"

మణి పార్కింగ్‌లో తలొంచుకుని తన కారువైపు నడుస్తున్న ఆమోసునే చూస్తోంది.

"ఏంటమ్మా, సైలెంట్ అయిపోయావ్? హ్యాపీ కాదా?"

మణి సీటు బెల్టు పెట్టుకుంది. ఎన్నడూ లేనిది, గొంతు బాగా తగ్గించింది.

"ఆ మోటారు తీసేసి, ఇద్దరు కలిసి లాగే తాడు పెట్టవే."