గోటి నలుపు

"కన్యాదానంల అందరు నా చేతులే చూస్తరు. ఈ బొగ్గు మరక పోవాలె బిడ్డా," అంటూ గోపాలరావు పది వేళ్లూ కూతురి ముందు చాపాడు.

పార్లర్‌లో పనిచేసే ప్రసూన, వాసన నూనెలన్నీ పక్కనపెట్టి బాదం నూనె తీసింది. గోటి మొదట్లో చుక్క వేసి మెల్లగా రుద్దింది, తుడిచింది. నీలినలుపు కదల్లేదు.

"బొగ్గుబాయి దిగుడు బందువెట్టి ఎన్నేండ్లాయె బాపూ?"

"నాలుగేండ్లు."

ఏడాది తిరక్కుండానే పాత గోరు పోయి కొత్తది వస్తుందని ఆమెకు తెలుసు. ఇది బొగ్గు కాదు. గాలి అందని ఛాతీ పంపుతున్న రంగు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"రుద్దు బిడ్డా," అన్నాడు ఆయాసపడుతూ. "దవాఖానల డాక్టర్ గూడ గోర్లే చూసిండు. గందుకే నీ లగ్గం ముందటికి జరిపిన."