మన షామియానా అటు

“లేవండమ్మా, లేవండి! మన షామియానా అటు!”

శ్రీనివాసరాజు గారు తింటూ తింటూ లేచి, ఎంగిలి చెయ్యి గాల్లోనే పట్టుకుని వచ్చేశారు. ఆయనకి కోపమొస్తే గొంతు పెరుగుతుంది గానీ ‘అండి’ తరగదు. కూతురు మంజుష మాత్రం హైస్కూలు పంక్తిలో, ఖాళీ విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన ఆమె స్నేహితురాలు లావణ్య. లావణ్య వాళ్ళమ్మ నూకరత్నమే ఆ స్కూలు వంటమనిషి. గోదారిలో వల వేసే వాళ్ళింటి ఆడపడుచు.

కార్తీకమాసం ఆదివారం, కడియంలో ఒక నర్సరీ. ఉసిరిచెట్టు కింద తినాలని శాస్త్రం. నర్సరీలో చెట్టెక్కడిది? అందరూ కుండీలో ఉసిరి మొక్క పక్కన ఉసూరుమంటూ కూర్చున్నారు. అటు మూడు కులసంఘాల షామియానాలు, మూడు మైకులు, ముప్పైమూడు మీసాలు. ఇటు హైస్కూలు వాళ్ళది. మూడొందల మంది పిల్లలకి వండిస్తే, ఎవరి పిల్లల్ని వాళ్ళు పొద్దున్నే లాక్కుపోగా మిగిలింది నలభై మంది.

“ఏడాదికొక్కసారి పిల్లలంతా కలిసి తినాలని పెట్టుకున్నామండి,” అన్నారు హెడ్మిస్ట్రెస్ సూర్యకాంతమ్మ గారు. “మీది సంఘ భోజనం, మాది సంగమ భోజనం. వనభోజనమంటే ‘వన్’ భోజనం కావద్దా రాజుగారూ?”

“మాటలు బాగున్నాయండి. మా అమ్మాయి తొమ్మిదిలో ఫస్టొచ్చిందని సంఘం మెడల్ ఇస్తోంది. మైకులో రెండుసార్లు పేరు పిలిచారు. పిల్ల లేదు! నా పరువేం కావాలండి?”

“నాన్నగారండీ, నేను స్కూలు ఫస్టు. కులం ఫస్టు కాదు,” అంది మంజుష.

నలభై మందీ కిసుక్కుమన్నారు. రాజుగారి మొహం కందగడ్డయింది.

“అయితే వినండమ్మా. ఆ విస్తట్లో మెతుకు ముట్టారంటే మన పంక్తిలో మీకు చోటుండదు. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ. మామ్మగారి పక్కన కూడా!”

మంజుష పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పంక్తి భోజనాల్లో మామ్మ పక్కన తప్ప కూర్చుని ఎరగదు. షామియానా వైపు ఒకసారి చూసింది. తర్వాత తన విస్తరిని లావణ్య విస్తరికి ఆనేలా జరుపుకుంది.

“అత్తా, పులిహోర వెయ్యి.”

నూకరత్నం గరిట పట్టుకుని తటపటాయించింది. “పాపగారూ, నాన్నగారు…”

“వెయ్యి అత్తా!”

“మాక్కూడా!” అని నలభై గొంతులు లేచాయి. నూకరత్నం వేసింది. మంజుష తండ్రి కళ్ళలోకి చూస్తూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

“తినండి, తినండి!” అని ఎగిరారు రాజుగారు. “ఎవరి చేతి వంటో ఏమో! అక్కడ మన దొరబాబు నిష్ఠగా వండిన పులిహోర, గుత్తివంకాయ. నేను రెండుసార్లు మారు వేయించుకున్నాను. ఆ రుచి ఇక్కడెక్కడ దొరుకుతుందండి మీకు?”

అంతలో రాజుగారి సంఘం కార్యదర్శి భద్రిరాజు గారు ఖాళీ గుండిగ చంకనెత్తుకుని రొప్పుతూ వచ్చారు. క్రోటన్ మొక్కల చాటునున్న రాజుగారు ఆయన కంట పడలేదు. తిన్నగా నూకరత్నం దగ్గరికే వెళ్ళారు.

“నూకరత్నం గారూ, ఇందాక మీరిచ్చిన పులిహోర, వంకాయ అయిపోయాయండి. వంటకని మాట్లాడుకున్న ఆ దొరబాబు నిన్న యానాం వెళ్ళి తాగి పడ్డవాడు ఇంకా లేవలేదట. మీ దగ్గర మిగిలిందేమైనా ఉంటే ఇంకో గుండిగ… మా రాజుగారికి మాత్రం తెలియనివ్వకండి. ఆయన మూడోసారి అడిగేలా ఉన్నారు.”

నూకరత్నం గరిటెత్తి మామిడంట్ల వెనక్కి చూపించింది.

“వరసలో రండి బాబూ. ఆ దొరబాబునే నమ్ముకున్న మిగతా రెండు షామియానాల వాళ్ళూ మీకంటే ముందే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు!”