కప్పలు అరవని కాలువ

రాత్రి కరెంటు రాగానే దేవమ్మ దొర్నిపాడు పొలంలో మోటారు వేసింది. కాలువలో ఒక్క కప్పా అరవడం లేదు. పొద్దున వరికి పురుగుమందు కొట్టి, అందరిలాగే తనూ స్ప్రేయరు ఆ కాలువలోనే కడిగింది. లైటు వేసి చూసింది. గట్టు మీద కప్పలన్నీ వరసగా కూర్చుని, కదలకుండా ఆమెనే చూస్తున్నాయి.

దేవమ్మ పారిపోలేదు. గట్టున పడున్న మందు డబ్బాలన్నీ ఏరి గోనెసంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

"ఏందే అది?" అన్నాడు మొగుడు ఎలీషా.

"మందు డబ్బాలు. రేపట్నుంచి కాలవలో ఎవుర్నీ కడగనీను."

దాహమేసి బిందె దగ్గరికి వెళ్లింది. సాయంత్రం కొళాయిలో పట్టిన నీళ్లవి. ఆ కొళాయికి వచ్చేవీ కాలువ నీళ్లే.

మూత కింద కప్ప అరిచింది. ఇంకొకటి అరిచింది. తర్వాత కాలువ కాలువంతా బిందెలోనే అరవసాగింది.

దేవమ్మ పళ్లు బిగించి మూత ఎత్తింది.