అమావాస్యకు ముందు రోజు

"సంతకం పెట్టనంటే పెట్ట. అమావాస్య నాడు గుండె మీద కత్తి పెట్టనిస్తరా ఎవలన్న?"

కమలాబాయి మంచం చుట్టూ తిరుగుతూనే ఉంది.

మంచం మీద ఆమె భర్త భద్రయ్య. రేపు అతనికి ఆపరేషన్.

డాక్టర్ హేమచంద్ర ఓపిగ్గానే చెప్పాడు.

"అమ్మా, గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. దానికి కావాల్సిన రక్తం మాత్రం దాని గోడ మీద పాకే సన్నటి నాళాల్లోంచే రావాలి. ఈయనకి ఎడమవైపు పెద్ద నాళం దాదాపు మూసుకుపోయిందండి."

"అల్వాల్ తోల్కపోత. అమావాస్య ఎల్లినంక తెస్త."

"ఇంటిదాకా వెళ్తారన్న నమ్మకం కూడా లేదండి," అని ఆయన వెళ్లిపోయాడు.

"ఇంటికొద్దే కమలా," అన్నాడు భద్రయ్య మెల్లగా. ఆమె వినిపించుకోలేదు.

పక్క మంచం మీది జెరెమియా నవ్వాడు. తిరుమలగిరిలో పెళ్లి బ్యాండు వాయించే మనిషి. ఆయన ఆపరేషన్ ఇవాళే, ఇంకాసేపట్లో.

"నాకు సుత గదే నాళం బందైంది, అన్నా. మనిద్దరిది ఒకటే గల్లీ."

"నీకు నవ్వులాటగుంది," కమలాబాయి కసిరింది.

"ఇయ్యాలైతే సంతకం పెడ్తుంటివా, చెల్లె?"

"కండ్లు మూసుకొని పెడ్తుంటి."

ఆమె ముఖం కడుక్కొని వచ్చేసరికి, తన కోసం తెచ్చుకున్న చాయ్ గ్లాసు ఖాళీగా ఉంది. జెరెమియా మీసం తుడుచుకుంటున్నాడు.

థియేటర్‌కు తీసుకుపోను వచ్చిన నర్సు స్వర్ణలత నెత్తి కొట్టుకుంది.

"కడుపుల ఏం ఉండొద్దని చెప్పిన కద తాతా! మత్తు ఎట్లిస్తరు? నీది రేపటికి పోయింది."

"ఆగలేకపోయిన బిడ్డా."

"సిగ్గన్న లేదు. పరాయోళ్ల చాయ్!" కమలాబాయి తిట్టింది.

స్వర్ణలత డాక్టరుకు ఫోన్ చేసి, భద్రయ్య వైపు తిరిగింది.

"నువ్వేమన్న తిన్నవా?"

"బుగులుకు రాత్రి సంది మంచినీళ్లు సుత దిగలే."

"అయితే ఇయ్యాల నిన్నే తీసుకుంటరు."

కమలాబాయి ఉరికిపోయి సంతకం పెట్టింది.

భద్రయ్య గట్టెక్కాడు.

మర్నాడు పొద్దున, సామాన్లు తీసుకుందామని ఆమె వార్డుకు వచ్చింది. జెరెమియా మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. థియేటర్‌కు తీసుకుపోయే లోపే ఆయన గుండె ఆగిపోయిందట.

ఆయన కూతురు కల్పలత గోడకు ఆనుకొని ఏడుస్తోంది.

కమలాబాయి ఆమె భుజం పట్టుకుంది.

"ఎంత పని చేసుకుండు బిడ్డా. ఒక్క గ్లాసెడు చాయ్‌కు ఆశపడి..."

కల్పలత అర్థం కానట్టు చూసింది.

"చాయా? మా నాయనకు చాయ్ వాసనే పడదు పెద్దమ్మా. పుట్టినసంది నోట్ల పెట్టలే."