అమ్మమ్మ పోలిక

"ముక్కు చూశారా? అచ్చం నాదే! చెవులు మా అమ్మవి. నవ్విందంటే మా పెద్దక్క దిగిపోయినట్టే!"

కాన్పుల వార్డులో పక్క మంచం ఆవిడ పొద్దుట్నుంచీ ఇదే వింటోంది. మర్యాదకు తలూపింది. కూతురు కన్న మనవరాలిని గుండెలకు హత్తుకున్న అత్తగారికి ఆ మాత్రం చాలు, ఇంకాస్త పొంగిపోయింది.

అంతలో ఫ్లాస్కు పట్టుకుని కోడలు వచ్చింది.

"ఒక్కసారి ఎత్తుకుంటానత్తయ్యా."

"అక్కడే ఆగు! గొంతులో ఆ థైరాయిడేదో పెట్టుకుని..."

"అది అంటుకునే జబ్బు కాదత్తయ్యా."

"నీ ఒళ్లే నీ మీద పగబట్టిందటగా! ఇక పసిగుడ్డును వదుల్తుందా?"

అత్తగారు పక్క మంచం వైపు వంగి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే వార్డులో సగం మందికే వినపడుతుంది.

"నా కోడలు. పోయినేడు ఒళ్లంతా సూదులు పొడిపించుకుంది, మత్తిప్పించుకుని అండాలు తీయించుకుంది. ఏమైంది? గుండుసున్నా! అడిగితే నవ్వి ఊరుకుంటుంది. అదే నా కూతుర్ని చూడండి! కాస్త ఆలస్యమైనా పండంటి బిడ్డను కంది. మా రక్తం అలాంటిది మరి."

రౌండ్స్‌కొచ్చిన డాక్టరమ్మ ఆ మాట విననే వింది.

"థైరాయిడ్ మీద పగబట్టే ఆ యాంటీబాడీలున్నంత మాత్రాన పిల్లలు పుట్టరని ఎక్కడా లేదమ్మా. గర్భం పోయే భయం కాస్త ఎక్కువే, కాదనను. కానీ హార్మోను అదుపులో ఉంటే, మేం కనిపెట్టి చూసుకుంటే, అందరిలాగే కంటున్నారు."

"మీరలాగే అనాలి. మీ ఆసుపత్రి నడవాలిగా!"

డాక్టరమ్మ మంచం మీదున్న కూతురి వైపు చూసింది. బాలింత గోడ వైపు తిరిగింది. పాపం, కుట్లు నొప్పెడుతున్నాయి కాబోలు అనుకుంది అత్తగారు.

కోడలు ఫ్లాస్కు బల్ల మీద పెట్టి వెనుదిరిగింది.

"ఇదిగో, ఇంకో మాట. మేం ఇంటికొచ్చాక నువ్వు ఈ బిడ్డ ఛాయలకు రాకు. మావాడికీ చెప్పేస్తాను. నీ గాలి సోకకూడదు దీనికి!"

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మంచం మీద కూతురు పొట్ట పట్టుకుని లేచింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని వదిన చేతుల్లో పెట్టింది.

"మతి పోయిందటే నీకు? బంగారంలాంటి మన బిడ్డను తీసుకెళ్లి దాని చేతిలో..."

"దీన్ని నేను మోశానంతేనమ్మా, అండం వదినది."