పేరు మారని కార్డు

చిలకలగూడలో కార్డులు డిజైన్ చేసే పర్వతాలు ఫోన్ చేస్తే, మెకానిక్ యుగంధర్ వచ్చాడు. పాత కంప్యూటర్ తెర మీద వర్చువల్ మెమరీ తక్కువైందన్న హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తోంది.

“ఇన్ని ఫైళ్లు ఒక్కసారే తెరిస్తే గిట్లనే అయితది అన్నా. అన్నీ దశదినకర్మ కార్డులే ఉన్నయి గదా!”

“పాత కార్డు తీసి పేరు, ఫోటో మార్చుడే గద మా పని. ఏది మంచిగుంటదో సమజైతలేదు.”

యుగంధర్ ఒక్కొక్కటే మూసి, మెమరీ సైజు పెంచాడు. “ఇగ రీస్టార్ట్ చెయ్యాలె. ఆ చివరిది సేవ్ చెయ్యి. వదిన చాయ్ పంపిస్తదా?”

పర్వతాలు కదలలేదు. “ఫోటో పెట్టిన. పేరు మార్చనీకే చేతులొస్తలేవు.”

యుగంధర్ ఆ కార్డు చూశాడు. ఎవరిదో పేరు పైన, వదిన నవ్వుతోంది.